పిండిమిల్లు మోటారు సాయంత్రం వేడెక్కుతోంది: ఏ మీటరు కొనాలి, ఎక్కడ పెట్టి చూడాలి?

తమ్ముడూ, ముందు మీ ప్రశ్న ఒకసారి చెప్పుకుందాం, మిగతా వాళ్లకూ అర్థమవుతుంది. కాశీనగర్ దగ్గర ఊళ్లో పిండిమిల్లు పెట్టారు. రెండు హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు. నేమ్‌ప్లేట్ మీద 230 వోల్టులు, 11 ఆంపియర్లు అని ఉంది. ఇంటి మీటరు దగ్గర్నుంచి మిల్లు షెడ్డుకి 60 మీటర్ల దూరం, 2.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) అల్యూమినియం వైరు లాగారు. పగలు బాగానే తిరిగే మోటారు సాయంత్రం ఆరు దాటాక మూలుగుతోంది, వేడెక్కి ఆగిపోతోంది. చూడ్డానికి వచ్చినాయన టెస్టర్ పెట్టి "కరెంటు ఉందిగా" అని వెళ్లిపోయాడు. ఒకే ప్లగ్గులో మీ మీటరు 228 చూపిస్తే గుణుపురం మెకానిక్ మీటరు 214 చూపించింది. ఇప్పుడు కొత్త మల్టీమీటరు కొనాలా, క్లాంప్ మీటరు (వైరు చుట్టూ దవడ పెట్టి కరెంటు కొలిచేది) కొనాలా, బోర్డు మీద వోల్ట్‌మీటరూ అమ్మీటరూ బిగించాలా అని అడుగుతున్నారు.

ఒక్కదానికే డబ్బులుంటే క్లాంప్ మీటరు కొనండి. ఏసీ కరెంటుతో పాటు వోల్టులు, ఓములు కూడా కొలిచే రకం తీసుకోండి. మల్టీమీటరు మీ దగ్గరున్నదే చాలు. బోర్డు మీటర్ల సంగతి తర్వాత చెబుతాను. అయితే ఏది కొన్నా, దాన్ని మళ్లీ ఆ ప్లగ్గులోనే పెట్టి చూస్తే పైసా ఉపయోగం ఉండదు. బరంపురంలో నా వైండింగ్ షాపుకి కాలిపోయిన మోటారు తెచ్చేవాళ్లలో చాలామంది "వోల్టేజీ చూశామండీ, బాగానే ఉంది" అంటారు. ఎప్పుడు చూశారయ్యా అంటే, మోటారు ఆపి. ఎక్కడ చూశారంటే, మీటరు బోర్డు దగ్గర. ఆ రీడింగు అబద్ధం కాదు. కానీ మోటారు తిరిగేటప్పుడు దాని టెర్మినళ్ల దగ్గరికి ఎంత చేరుతోందో అది చెప్పదు. మోటారు కాలేది, బతికేది ఆ అంకె మీదే.

228, 214 గొడవ ముందు తేల్చేద్దాం. మీటరుతో వచ్చిన చిన్న పుస్తకం పారేయకుండా ఉంటే తీసి చూడండి. రెండు మూడు వందలకు దొరికే పసుపు రంగు మీటర్లలో 750 వోల్టుల ఏసీ రేంజి పక్కన సాధారణంగా ఇలా ఉంటుంది: రీడింగులో 1.2 శాతం, దాని మీద ఇంకో 10 డిజిట్లు. ఆ రేంజిలో ఒక డిజిట్ అంటే ఒక వోల్టు. 228లో 1.2 శాతం 2.7. దానికి 10 కలిపితే దాదాపు 13. అంటే మీ మీటరు 228 చూపించినప్పుడు అసలు వోల్టేజీ 215 నుంచి 241 దాకా ఎంతైనా ఉండొచ్చు. మెకానిక్ మీటరూ అలాంటిదే అయితే, అది చూపించిన 214 వెనక 201 నుంచి 227 దాకా ఉండొచ్చు. రెండూ కలిసే చోటు చూస్తే అసలు వోల్టేజీ 215, 227 మధ్య ఎక్కడో ఉంది. రెండు మీటర్లూ తమ పుస్తకంలో రాసిన మాట మీదే ఉన్నాయి, ఏదీ చెడిపోలేదు. వాడేటప్పుడు ఒక పద్ధతి పెట్టుకోండి: పోలిక చూసే రీడింగులన్నీ ఒకే మీటరుతో, ఒకే రేంజిలో తీయాలి. మీటరు పది వోల్టులు ఎక్కువ చూపించేదైనా, అన్ని చోట్లా ఇంచుమించు అంతే ఎక్కువ చూపిస్తుంది. మనకు కావలసింది రెండు చోట్ల మధ్య తేడా. అది చవక మీటరైనా బాగానే పట్టిస్తుంది.

అన్నట్టు 9 వోల్టుల బ్యాటరీ నీరసపడితే ఈ మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. స్క్రీన్ మూల బ్యాటరీ గుర్తు కనిపించిందంటే ఆ రోజు రీడింగులు నమ్మొద్దు.

టెస్టర్ చాలదా అని కూడా అడిగారు. చాలదు. నియాన్ టెస్టర్‌లో చిన్న దీపం, దానికి సిరీస్‌లో పెద్ద రెసిస్టర్ ఉంటాయి. వంద వోల్టుల లోపే అది వెలగడం మొదలుపెడుతుంది. 160 ఉన్నా వెలుగుతుంది, 230 ఉన్నా వెలుగుతుంది. కంటికి తేడా తెలియదు. ఫేజు ఉందా లేదా అన్న ఒక్క ముక్కే అది చెప్పగలదు, అది కూడా మీరు నేల మీద నిలబడి వెనక మూత తాకితేనే. న్యూట్రల్ తెగిందో లేదో అది నేరుగా చెప్పలేదు. కాకపోతే ఒక గుర్తు ఉంది: స్విచ్చి వేసి ఏదైనా వస్తువు తగిలించి ఉండగా ప్లగ్గు రెండు కన్నాల్లోనూ టెస్టర్ వెలిగిందంటే న్యూట్రల్ ఎక్కడో తెగిందని అనుమానించాలి. ఫేజు ఆ వస్తువు గుండా తిరిగి న్యూట్రల్ కన్నంలోకి వచ్చి నిలబడుతుంది. అలాంటి చోట ఫ్యాను తిరగడం లేదు కదా అని న్యూట్రల్ వైరు చేత్తో పట్టుకుంటే షాక్ కొడుతుంది.

దీనికి తోబుట్టువు లాంటి తికమక మంచి డిజిటల్ మీటర్లతోనూ వస్తుంది. వాటి లోపలి నిరోధం 10 మెగా ఓముల దాకా ఉంటుంది. ఏమీ కలపని వైరు ఒకటి, కరెంటున్న వైరు పక్కనే ఒకే పైపులో పోతుంటే, ఆ ఖాళీ వైరులో కూడా 50, 80 వోల్టులు కనిపిస్తాయి. దాన్ని చూసి లీకేజీ అనుకుని గోడలు పగలగొట్టించిన వాళ్లున్నారు. హోల్డరులో మామూలు 60 వాట్ల బల్బు పెట్టి ఆ వైరుకీ న్యూట్రల్‌కీ మధ్య కలపండి. దొంగ వోల్టేజీ అయితే బల్బు వెలగదు, మీటరు అంకె కూడా సున్నా దగ్గరికి పడిపోతుంది.

ఇప్పుడు మీటర్ల లోపల ఏముందో కొంచెం చెప్పుకోవాలి. ఇది తెలిస్తే ఏది ఎక్కడ కలపాలో బట్టీ పట్టక్కర్లేదు. 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ వైరులో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని చూపించాడు. 1882లో ఫ్రాన్సులో దార్సన్‌వాల్ అయస్కాంతం మధ్య సన్నని తీగచుట్ట వేలాడదీసి గాల్వనోమీటర్ చేశాడు. 1888లో ఎడ్వర్డ్ వెస్టన్ దాన్ని చేత్తో మోసుకెళ్లే, నమ్మకంగా చదవగలిగే మీటరుగా మార్చాడు. 1923లో బ్రిటిష్ తపాలా శాఖ ఇంజనీరు మెకాడీ ఆంపియర్లు, వోల్టులు, ఓములు మూడూ ఒకే పెట్టెలో కొలిచే ఆవోమీటరు తెచ్చాడు. పాత వర్క్‌షాపుల్లో ఇప్పటికీ ఆ నల్ల పెట్టెలు కనిపిస్తాయి.

ఆ ముల్లు మీటర్లన్నీ నిజానికి కొలిచేది కరెంటునే. ఉదాహరణకు ఒక చుట్ట 100 ఓములు, 1 మిల్లీఆంపియర్‌కి ముల్లు చివరిదాకా పోతుందనుకోండి. దాన్ని 300 వోల్టుల వోల్ట్‌మీటరు చేయాలంటే మొత్తం నిరోధం 3,00,000 ఓములు కావాలి, కాబట్టి 2,99,900 ఓముల రెసిస్టర్ సిరీస్‌లో పెడతారు. అదే చుట్టను 10 ఆంపియర్ల అమ్మీటరు చేయాలంటే దాని పక్కన పారలల్‌గా 0.01 ఓము షంట్, అంటే చాలా తక్కువ నిరోధం ఉన్న పక్కదారి, పెడతారు. దాదాపు కరెంటంతా షంట్ గుండా పోతుంది, చుట్టలోకి 1 మిల్లీఆంపియర్ మాత్రమే వస్తుంది. డిజిటల్ మీటరు దీనికి తలకిందులు. దానికి కొలవడం వచ్చింది వోల్టేజీ ఒక్కటే, చవక మీటర్లలో 200 మిల్లీవోల్టుల దాకా. వోల్టులు ఎక్కువైతే రెసిస్టర్లతో తగ్గించుకుంటుంది. ఆంపియర్లు కొలవమంటే 0.01 ఓము షంట్ గుండా పంపి, దాని రెండు చివరల మధ్య వోల్టేజీ చదువుతుంది. 10 ఆంపియర్లకు అక్కడ 100 మిల్లీవోల్టులు వస్తాయి.

వోల్టులు రెండు చోట్ల మధ్య తేడా. అందుకే వోల్ట్‌మీటరు రెండు లీడ్లూ పక్కన నిలబడి తాకితే సరిపోతుంది. ఆంపియర్లు కాలవలో పారే నీళ్లలాంటివి, గట్టు మీద నిలబడి కొలవలేం. అమ్మీటరును వైరు తెంపి మధ్యలో, సిరీస్‌లో పెట్టాల్సిందే. అక్కడ కూర్చున్నది కరెంటుకు అడ్డం కాకూడదు కాబట్టి దాని నిరోధం అంత తక్కువగా పెడతారు.

ప్రమాదం ఇక్కడే ఉంది. మీ మల్టీమీటరుకు మూడు కన్నాలుంటాయి: కామ్, వోల్ట్-ఓమ్, 10 ఆంపియర్. ఎప్పుడో బ్యాటరీ కరెంటు చూద్దామని ఎర్ర లీడు 10 ఆంపియర్ కన్నంలో గుచ్చారు, మర్చిపోయారు. మర్నాడు ఎవరో మీటరు తీసి, నాబ్‌ను 750 వోల్టులకు తిప్పి, ప్లగ్గులో పెట్టారు. నాబ్ ఎక్కడున్నా సరే, లీడు ఆ కన్నంలో ఉంటే ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 0.01 ఓము తీగ పెట్టినట్టే. లెక్క ప్రకారం 23,000 ఆంపియర్లు. లైను నిరోధం వల్ల అంత రాదు గానీ వందల్లో వస్తుంది, లీడు చివర కరిగి చేతి మీద చిమ్ముతుంది. చాలా చవక మీటర్లలో ఆ కన్నం పక్కన "అన్‌ఫ్యూజ్డ్" అని అచ్చేసి ఉంటుంది. లోపల ఫ్యూజు లేదని దానర్థం. అందుకే నా షాపులో కుర్రాళ్ల మల్టీమీటర్లకు ఆ కన్నం మీద ఇన్సులేషన్ టేపు అంటించేశాను. మీ మోటారుకు ఆ రేంజి ఎలాగూ పనికిరాదు. 11 ఆంపియర్లంటేనే 10 దాటింది, పైగా స్టార్టింగులో నాలుగు నుంచి ఆరు రెట్లు లాగుతుంది.

మీటరు మీద క్యాట్ టూ, క్యాట్ త్రీ అని రాసి ఉంటుంది, దాన్ని కూడా చూడండి. ప్లగ్గులో తగిలించే వస్తువులకు క్యాట్ టూ, ఇంటి డిస్ట్రిబ్యూషన్ బోర్డుకు క్యాట్ త్రీ, స్తంభం నుంచి దిగే సర్వీసు వైరు దగ్గర క్యాట్ ఫోర్. మన వైపు వైశాఖంలో సాయంత్రాలు ఉరుములు పిడుగులూ ఎంతలా ఉంటాయో మీకు తెలుసు. ఎక్కడో దూరంగా పిడుగు పడినా లైను మీదికి క్షణకాలం కొన్ని వేల వోల్టులు ఎగబాకి వస్తాయి. 230 వోల్టులే కదా అనుకుని పెట్టిన మీటరు ఆ దెబ్బకు లోపలే పేలకుండా ఉండటానికే ఈ తరగతులు. మీకు క్యాట్ త్రీ 600 వోల్టులు అని ఉన్నది కావాలి. అచ్చు వేయడం తేలిక కాబట్టి మెకో, మోట్‌వానే, రిషభ్ లాంటి తెలిసిన పేర్లున్నది, బిల్లుతో తీసుకోండి. పర్లాకిమిడిలో దొరక్కపోతే బరంపురంలో తప్పకుండా దొరుకుతుంది.

క్లాంప్ మీటరులో వైరు తెంపే పని లేదు. దాని దవడ ఒక ట్రాన్స్‌ఫార్మర్ కోరు. మధ్యలోంచి పోయే వైరే దాని ప్రైమరీ, అంటే మొదటి చుట్ట. వైరు చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని దవడ పట్టుకుని ఆంపియర్లుగా చూపిస్తుంది. అందుకే మామూలు రకం ఏసీకే పనిచేస్తుంది. సోలార్ ప్యానెల్, బ్యాటరీ వైర్లు కొలవాలంటే డీసీ కూడా చూసే హాల్ సెన్సర్ రకం కావాలి, ధర ఎక్కువ. కొనేటప్పుడు దవడ పట్టే వైరు లావు కంటే, చిన్న రేంజి ఎంతుందో చూడండి. 400 ఆంపియర్ల ఒక్క రేంజి ఉన్నదానికంటే 20 లేక 40 ఆంపియర్ల రేంజి కూడా ఉన్నది మీకు నయం.

కొత్తగా కొన్నవాళ్లు షాపుకి తిరిగొచ్చే కారణం ఒకటే: "సున్నా చూపిస్తోందండీ". రెండు వైర్ల కేబులు మొత్తం దవడలో పెడతారు. ఫేజులో వెళ్లేది, న్యూట్రల్‌లో వచ్చేది సమానం, దిశలు ఎదురెదురు, కాబట్టి రెండూ కొట్టుకుపోతాయి. ఒక్క వైరే దవడలో ఉండాలి. స్టార్టర్ దగ్గర ఫేజు వైరు విడిగా దొరుకుతుంది, అక్కడ పెట్టండి. కరెంటు మరీ తక్కువైతే వైరును దవడ చుట్టూ ఐదు చుట్లు తిప్పి, వచ్చిన అంకెను ఐదుతో భాగించండి. మోటారు ఆన్ చేసిన క్షణంలో లాగే కరెంటును మామూలు క్లాంప్ పట్టుకోలేదు, స్క్రీన్ అంకె సెకనుకు రెండు మూడు సార్లే మారుతుంది. ఇన్‌రష్ అని బటన్ ఉన్న మీటరుకే అది సాధ్యం. మీకు అక్కర్లేదు.

ట్రూ ఆర్ఎంఎస్, అంటే తరంగం ఆకారం ఎలా ఉన్నా అసలు విలువ చూపించే రకం, అన్నదానికి ఎక్కువ డబ్బు పెట్టాలా? లైను కరెంటు మీద నడిచే మీ మోటారుకు అవసరం లేదు. చవక మీటరు సగటు కొలిచి 1.11తో గుణించి చూపిస్తుంది, సైన్ తరంగానికి ఆ లెక్క సరిగ్గా సరిపోతుంది. ఇన్వర్టర్ల పని చేసేవాళ్లకైతే కావాలి. చదరపు తరంగం మీద చవక మీటరు 11 శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది.

ఇప్పుడు మీ మిల్లు దగ్గరికి వద్దాం. ఒక సాయంత్రం, మోటారు ఇబ్బంది పెట్టే టైములోనే, ఇంకొకర్ని పక్కన పెట్టుకుని నాలుగు రీడింగులు తీయండి. మోటారు ఆపి ఉంచి, ఇంటి మీటరు బోర్డులో మెయిన్ స్విచ్చి అవుట్‌పుట్ దగ్గర వోల్టేజీ. మిల్లులో గింజలు పోసి ఆడిస్తుండగా అదే చోట మళ్లీ వోల్టేజీ. ఆడిస్తుండగానే మోటారు టెర్మినల్ బాక్సు దగ్గర వోల్టేజీ. అప్పుడే ఫేజు వైరు మీద క్లాంప్ పెట్టి ఆంపియర్లు. టెర్మినల్ బాక్సు మూత తీసేటప్పుడు మెయిన్ ఆపండి. క్రొకడైల్ క్లిప్పులు పెట్టి చేతులు తీశాకే మళ్లీ ఆన్ చేయండి. బెల్టు దగ్గర లుంగీ, తువ్వాలు వేలాడకుండా చూసుకోండి.

నాకు వచ్చే అంకెలు ఇలా ఉంటాయని అనుమానం: ఆపి ఉన్నప్పుడు 221, ఆడేటప్పుడు బోర్డు దగ్గర 212, మోటారు దగ్గర 193, కరెంటు 13 ఆంపియర్లు. ఎందుకంటే 2.5 స్క్వేర్ అల్యూమినియం వైరు నిరోధం కిలోమీటరుకు సుమారు 12 ఓములు. 60 మీటర్లు పోవడం, 60 మీటర్లు రావడం కలిపి 120 మీటర్లకు 1.45 ఓములు. 13 ఆంపియర్లతో గుణిస్తే 19 వోల్టులు ఆ వైరులోనే వేడైపోతాయి. ప్లగ్గులో మోటారు ఆపి చూస్తే ఈ 19 వోల్టుల ఊసే ఉండదు, కరెంటు పారకపోతే వైరులో వోల్టేజీ పడదు కాబట్టి.

193 అంటే 230లో 84 శాతం. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 0.84ని 0.84తో గుణిస్తే 0.7. మూడోవంతుకు దగ్గరగా బలం పోయింది. కానీ రాయి అడిగే పని తగ్గలేదు. ఆ పని చేయడానికి మోటారు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. చుట్టలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 11కి బదులు 13 అంటే వేడి 40 శాతం ఎక్కువ. పగలు పది వోల్టులు ఎక్కువ ఉండటంతో గట్టెక్కుతోంది. సాయంత్రం ఊళ్లో దీపాలు, ఫ్యాన్లు, టీవీలు అన్నీ పడేసరికి ఆ పది కూడా పోతోంది. చూడండి, పై లెక్కలో లైను వోల్టేజీ 221, 230కి మరీ దూరమేం కాదు. కరెంటాఫీసుకు కంప్లయింట్ ఇచ్చినా వాళ్లు వచ్చి బోర్డు దగ్గర చూసి సరిగానే ఉందంటారు, అదీ తప్పు కాదు.

మీ అంకెలు వేరుగా వస్తే అర్థమూ వేరు. ఆపి ఉన్నప్పుడే 190 ఉంటే తప్పు ట్రాన్స్‌ఫార్మర్‌ది, లైనుది. వారం పాటు టైము వేసి రాసుకుని, ఆ కాగితంతో వెళ్లండి. ఆపినప్పుడు 221 ఉండి, ఆడేటప్పుడు బోర్డు దగ్గరే 195కి పడితే సర్వీసు వైరు లేక స్తంభం మీద జాయింటు వదులైంది. దాన్ని మీరు ముట్టుకోవద్దు, లైన్‌మన్ పని. సాయంత్రాలు వోల్టేజీ తగ్గడం కాకుండా ఒక్కోసారి 260, 280కి ఎగిరితే న్యూట్రల్ వదులైందని అర్థం. వెంటనే మెయిన్ ఆపేయండి, ఫ్రిజ్జులు టీవీలు పోయేది అప్పుడే. మోటారు దగ్గర 215 పైన ఉండి కూడా కరెంటు 11 దాటితే రాళ్లు ఎక్కువ బిగించారా, బెల్టు లాగి కట్టారా, బేరింగు పట్టేసిందా చూడాలి. బెల్టు తీసి ఉత్త మోటారు తిప్పి కొలవండి, కరెంటు బాగా దిగితే మిల్లులో లోపం, దిగకపోతే మోటారులో. మూలుగుతూ అసలు తిరగడం మొదలుపెట్టకపోతే కెపాసిటర్. దాన్ని ముట్టుకునే ముందు రెసిస్టర్‌తోనో బల్బుతోనో డిశ్చార్జి చేయడం మర్చిపోవద్దు.

వైరు మొత్తం మార్చే ముందు జాయింట్లు కూడా చూడండి. మిల్లు ఆడుతుండగా జాయింటుకు ఇటు ఒక లీడు, అటు ఒక లీడు, రెండూ ఫేజు వైరు మీదే పెట్టండి. మంచి జాయింటు మీద కొద్ది మిల్లీవోల్టులే కనిపిస్తాయి. 2 వోల్టులు కనిపిస్తే 13 ఆంపియర్లకు అక్కడ 26 వాట్లు కాలుతోంది, ఆ టేపు నల్లబడే ఉంటుంది. రాగి, అల్యూమినియం వైర్లు చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన చోట్ల ఇది మామూలే. స్విచ్చి, స్టార్టర్ కాంటాక్టుల మీద కూడా ఇదే పరీక్ష పనిచేస్తుంది. మెయిన్ వోల్టేజీ ఉన్న చోట చేసే పని కాబట్టి చెప్పులు వేసుకోండి, ఒక లీడు ముందే క్లిప్పుతో తగిలించి ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోండి. ఏ వైరైనా చచ్చిందని తేల్చుకునే ముందు మీటరును కరెంటున్న చోట పెట్టి చూడండి, తర్వాత ఆ వైరు మీద, మళ్లీ కరెంటున్న చోట. మధ్యలో మీటరే చచ్చి ఉండొచ్చు.

డబ్బు ఖర్చు లేని అమ్మీటరు ఒకటి మీ గోడ మీదే ఉంది. ఎలక్ట్రానిక్ కరెంటు మీటరు మీద ఎర్ర దీపం మినుకుమంటుంటుంది, పక్కన యూనిట్‌కి 3200 ఇంపల్సులు అనో ఇంకోటో రాసి ఉంటుంది. ఇంట్లో మిగతావన్నీ ఆపి, మిల్లు ఆడించి, ఒక నిమిషంలో ఎన్నిసార్లు మినుకుమందో లెక్కపెట్టండి. 3200 రకంలో నిమిషానికి 100 వస్తే 100ని 60తో గుణించి 3200తో భాగించండి, 1.875 కిలోవాట్లు. చాలా మీటర్లలో బటన్ నొక్కితే వోల్టులు, ఆంపియర్లు కూడా స్క్రీన్ మీద వరుసగా వస్తాయి. మీ చేతి మీటరు నిజం చెబుతోందో లేదో పోల్చుకోవడానికి పల్లెల్లో ఇంతకంటే మంచి ప్రమాణం దొరకదు.

బోర్డు మీద బిగించే మీటర్లు రోజూ చూసుకోవడానికి బాగుంటాయి, కనిపెట్టడానికి కాదు. బిగిస్తే మోటారు స్టార్టర్ పక్కనే బిగించండి, ఇంటి బోర్డులో కాదు. 0-300 వోల్ట్‌మీటరు, 0-20 అమ్మీటరు చాలు. ముల్లు రకం మూవింగ్ ఐరన్ మీటరు మీద 1.5 అని తరగతి ఉంటే పూర్తి స్కేలులో 1.5 శాతం, అంటే 300కి 4.5 వోల్టులు తేడా ఉండొచ్చని. స్కేలు మొదట్లో గీతలు ఇరుకుగా ఉంటాయి కాబట్టి రోజూ వచ్చే రీడింగు మధ్య దాటి ఉండేలా రేంజి ఎంచుకోవాలి. 11 ఆంపియర్ల దగ్గర ఎర్ర పెయింటుతో గీత పెడితే ఎవరు మిల్లు ఆడించినా ముల్లు దాటగానే గింజలు పోయడం తగ్గిస్తారు.

పెద్ద మిల్లుల్లో అమ్మీటరు మీద 100/5 అని చూసి ఉంటారు. వందల ఆంపియర్లు మీటరులోకి పంపరు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ వాటిని 5 ఆంపియర్లకు దించి ఇస్తుంది. మన కొరాపుట్ జిల్లాలో 1955లో మొదలైన మాచ్‌ఖండ్ లాంటి జలవిద్యుత్ కేంద్రాల్లోనూ సూత్రం ఇదే. వేల వోల్టులను పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్ 110కి దించితే, ప్యానెల్ మీద మీటరు ఆ 110నే కొలుస్తుంది, స్కేలు మీద మాత్రం కిలోవోల్టులు రాసి ఉంటాయి. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న అమ్మీటరు వైర్లు కరెంటు పారుతుండగా ఎప్పుడూ విప్పకండి. సెకండరీ (మీటరు వైపు చుట్ట) తెరుచుకుంటే దాని చివర్ల మధ్య ప్రాణం తీసేంత వోల్టేజీ పుడుతుంది. ముందు షార్ట్ చేసి, ఆ తర్వాతే మీటరు తీయాలి.

ఇక ఎవరో స్టెబిలైజర్ కొనమన్నారని చివర్లో రాశారు. మిల్లు దగ్గర పెడితే అది 193ని 230 చేస్తుంది, నిజమే. కానీ ఉత్తినే చేయదు, ఆ మేరకు లైను నుంచి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. అదే సన్న వైరు గుండా లాగుతుంది కాబట్టి అక్కడ వోల్టేజీ ఇంకా పడిపోతుంది. రెండు హార్స్‌పవర్ స్టార్టింగుకు కనీసం 5 కేవీఏ కావాలి, ఆ డబ్బులో మంచి వైరు వస్తుంది. 6 స్క్వేర్ రాగి వైరు కిలోమీటరుకు 3.1 ఓములు లోపే. మీ 120 మీటర్లకు 0.37 ఓము, 12 ఆంపియర్లకు నాలుగున్నర వోల్టులే పడతాయి. ఆ లెక్కన మీ మోటారుకు సాయంత్రం కూడా 207, 208 అందాలి. ముందు నాలుగు రీడింగులు తీయండి, నేననుకున్నట్టే వస్తే వైరు మార్చండి. మార్చాక మళ్లీ అదే మీటరుతో, అదే టైముకి, అవే నాలుగూ తీసి రాయండి. 13 ఆంపియర్లు 11 దగ్గరికి దిగకపోతే అప్పుడు మోటారు లోపలి సంగతి చూద్దాం.